తాగి పోయిండు

మా తాత తాగి పడవ ముంచాడని బస్తర్‌లో మా భోపాల్‌పట్నం చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకునేవి. తాత అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, ఇంద్రావతి మీద పడవ నడిపేవాడు. ఒక వానాకాలం, అంగడికి పోయే జనంతో పడవ బోల్తాపడింది. తాత కొందరిని ఒడ్డుకు లాగి, మిగిలినవాళ్ళ కోసం మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. ఇక తిరిగి రాలేదు. ఈ సంగతి ఎవరికీ అక్కర్లేదు. తాగాడన్న ముక్క మాత్రం అందరి నోళ్ళలోనూ నానుతూనే ఉంది.

అసలు మా దిక్కు ఇప్పసారా ముట్టని ఇల్లుంటే చూపించండి. తాత కూడా తాగేవాడే, పొద్దుగూకి పడవ కట్టేశాక. గెడ చేతిలో ఉండగా చుక్క ముట్టేవాడు కాదని అమ్మమ్మ చెప్పేది. తాగడం మాకు తప్పు కాదు. నమ్మి ఎక్కిన జనాన్ని పెట్టుకుని తాగడం తప్పు. ఆ తప్పును మా ఇంటికి అంటగట్టారు. అమ్మ చిన్నప్పుడు బోరింగు దగ్గరికి పోతే, ముంచినోని బిడ్డ వచ్చిందని పక్కకు జరిగేవాళ్ళట. ఎదురు మాట్లాడితే ఒకటే జవాబు: "మీ అమ్మనే చెప్పింది గదా, పేపర్ల పడ్డది గదా!"

అమ్మమ్మ పోయేదాకా "నేననలే" అంటూనే ఉంది. అప్పుడు తనే చెప్పి ఇప్పుడు అబద్ధాలాడుతోందని నవ్వేవాళ్ళు.

ఈ మధ్య మా పంచాయతీవాళ్ళకు పాత రేవు దగ్గర చరిత్ర బోర్డు పెట్టాలని బుద్ధి పుట్టింది. నేను హిందీ బళ్ళో టీచర్ని కదా, అక్షర దోషాలు దిద్దమని పంచాయతీ సచివ్ కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. పడవ నడిపేవాడు మత్తులో ఉన్నందువల్ల ప్రమాదం జరిగిందని రాసుంది. మా తాత పరువు తీసే వాక్యానికి నేను ఒత్తులు సరిచేయాలి! ఒళ్ళు మండిపోయింది. ఎవరు చెప్పారని నిలదీశాను.

"అందరికీ ఎరికే గద మేడం. పేపర్ల గూడ వచ్చింది. కాదంటే సబూత్ తెండ్రి, మారుస్త."

ఆ సబూత్ కోసం, అదే రుజువు కోసం, రాయ్‌పూర్ పోయాను. అక్కడొక లైబ్రరీలో పాత హిందీ పేపర్లను మైక్రోఫిల్ములుగా దాచారు. రీలు ఎక్కించి పిడి తిప్పితే తెర మీద నల్లటి పేజీలు, తెల్లటి అక్షరాలు జరుగుతుంటాయి. కళ్ళు మంటలెత్తాయి, మెడ పట్టేసింది. మంత్రుల పర్యటనలకు పేజీలకు పేజీలు, సినిమా ప్రకటనలకు బోలెడు చోటు. బస్తర్‌లో మనుషులు చచ్చిపోతే మాత్రం కింద ఒక మూల. ఆ మూలలోనే దొరికింది మా తాత చావు. మా రేవు పేరు కూడా సరిగ్గా రాయలేదు. చివర్లో, మృతుడి భార్య చెప్పిందంటూ ఒక మాట: "పీకర్ మరా."

తాగి చచ్చాడు అని.

చదవగానే అమ్మమ్మ గొంతు వినిపించింది. "నీళ్ళు తాగి పోయిండు బిడ్డా, మీ తాత." ఎప్పుడు అడిగినా ఇదే మాట, ఇదే వరస. మునిగి చచ్చినవాళ్ళ గురించి మేము అలాగే అంటాం. అమ్మమ్మకు హిందీ ముక్క రాదు. ఎవడో అరకొర తెలిసినవాడు ఆ మాటను హిందీలోకి తిప్పాడు. తాగి పోయిండు అన్నది మిగిలింది, నీళ్ళు దారిలో జారిపోయాయి. ఉత్త "పీకర్" అంటే హిందీలో సారాయే.

ఒరే దొంగసచ్చినోళ్ళారా, ఎదురుగా ఏరు పొంగుతోంది కదరా! మనిషి అందులో పడి చచ్చాడు కదరా! ఏం తాగి చచ్చాడని ఒక్కడికీ అడగబుద్ధి కాలేదా? బల్ల మీద గట్టిగా చరిచాను. మెషీన్ సర్కారుదని అక్కడి గుమస్తా గుర్తుచేశాడు.

ప్రింటు తీయించుకుని అమ్మను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పోయాను. చదవగానే సచివ్ మొహం వెలిగిపోయింది.

"మీ అమ్మమ్మ చెప్పిందనే ఉన్నది గద మేడం. మీరే సబూత్ తెచ్చిన్రు!"

నీళ్ళ సంగతి విడమరిచి చెప్పాను. "పేపర్ల నీళ్ళు అని లేదు గద," అన్నాడు. అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ అమ్మ ముందుకొచ్చింది.

"సచివ్ సాబ్, మా నాయన తాగిన మాట నిజమే. రాయుండ్రి. ఏం తాగిండో గూడ రాయుండ్రి. ఎవరి కోసం ఏట్ల దిగి తాగిండో అది గూడ రాయుండ్రి."

సచివ్ తలొంచుకుని, చూస్తానన్నాడు.

బోర్డు పెట్టారు. అమ్మకు చదవడం రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. పడవ బోల్తాపడి కొందరు చనిపోయారని ఉంది. మత్తు మాట తీసేశారు. దాంతోపాటు పడవ నడిపినవాణ్ణీ తీసేశారు. మా మీద దయ తలిచామని వాళ్ళ లెక్క.

"నాయన ఏడి?" అంది అమ్మ.

లేడన్నాను. 

"అప్పుడు పేపరోళ్ళు నీళ్ళు ఒదిలేసిన్రు," అంది. "ఈళ్ళు మా నాయనకే నీళ్ళొదిలిన్రు."