సంగటి నమలడం నేర్చుకున్నాను

మా ఊళ్లలో రాగిసంగటిని ఎవరూ నమలరు. ముద్ద తుంచి, పులుసులో అద్ది, గుటుక్కున మింగుతారు. అరవై ఎనిమిదేళ్లు నేనూ అదే పని చేశాను. అందుకే ప్రొద్దుటూరు డాక్టరమ్మ కట్టుడు పళ్లు పెట్టి, "మొదట మెత్తటివి తినండి సార్, రెండు వైపులా నమలండి" అన్నప్పుడు లోలోపల నవ్వుకున్నాను. నమలక్కర్లేని తిండి ఇంట్లో ఉండగా నాకేం భయం?

ఆ మధ్యాహ్నమే పెద్ద ముద్ద నోట్లో వేసుకున్నాను. అది పై పళ్లకు అతుక్కుంది. మింగబోతే పళ్లు కూడా బయలుదేరాయి. కంగారుగా కక్కేశాను. పళ్లెంలో సంగటి, సంగటిలో నా పై వరస. మా ఆవిడ నవ్వలేదు, దాంతో ఇంకా సిగ్గేసింది. పళ్లు కడిగి గ్లాసులో వేసి, "ఇవి నాకొద్దు" అన్నాను.

"పండ్లు పెట్టించుకునింది నమిలేదానికే కదా. నమిలి తిను."

"సంగటి ఎవురన్నా నములుతారా?"

"నువ్వు నములు. ఈడ ఎవురు చూస్తాండారు?"

నా భయం ఇంట్లో తినడం గురించి కాదు. పళ్లు పీకించుకున్నప్పటి నుంచి ఒక్క విందుకూ పోలేదు. మా బంధువుల్లో బంతిలో ఆఖరి మనిషి తినేదాకా ఎవరూ లేవరు. అంతమందిని కూర్చోబెట్టి నేనొక్కణ్నే దవడలాడించడం ఎంత నామోషీ. నెల తిరిగేసరికి జమ్మలమడుగులో మా అక్క మనవరాలి పెళ్లి. పోకపోతే అక్క నా ముఖం చూడదు.

నలభై ఏళ్లు పిల్లలకు ఎక్కాలు నేర్పినవాణ్ని, మళ్లీ ఒకటో తరగతిలో చేరాను. ముందు ఇడ్లీ, తర్వాత బొరుగుల ఉగ్గాని, ఆ తర్వాత ఉడకబెట్టిన చెనిక్కాయలు. ఊరిబిండి పచ్చడిలో పలుకొకటి పళ్ల కిందికి దూరి రెండు రోజులు ఏడిపించింది. చిగురు ఒరుసుకుపోయిన చోట డాక్టరమ్మ పళ్లను కాస్త అరగదీసింది. సంగటిని మాత్రం గోలీకాయంత తుంచి, రెండు వైపులా పెట్టుకుని నమిలాను. నమిలితే రాగులు తియ్యగా ఉంటాయని అప్పుడే తెలిసింది.

చర్చిలో పెళ్లయ్యాక పందిట్లో బంతి వేశారు. ప్రార్థన ముగిసింది. మా ఆవిడ నా పక్కనే కూర్చుంది. ఎదురుగా అక్క కొడుకు నన్నే చూస్తున్నాడు.

"ఏంది మామా, సంగటి నములుతాండావు?"

"నమిలి చూడప్పా, శానా తియ్యగుంటాది."

అందరి ఆకులూ ఖాళీ అయ్యాయి. నా ఆకులో ఇంకా సగం ముద్ద ఉంది. ఎంగిలి చేతులు ఎండిపోతున్నా ఎవరూ కదల్లేదు. ఇక వదిలేసి లేద్దామనుకున్నాను. అప్పుడు, ఎప్పుడో తినడం ముగించిన మా ఆవిడ వడ్డించే అతన్ని పిలిచింది.

"నాకింకొంచెం సంగటి ఎయ్యి నాయనా."

ఆమె ఒక ముద్దకు మించి ఏనాడూ తినదు. గోలీకాయంత తుంచి నోట్లో పెట్టుకుని, నాకంటే నిదానంగా నమలసాగింది. నాకు కళ్లు తడిశాయి. తల వంచుకుని నా ముద్ద నేను పూర్తి చేశాను.

"తియ్యగానే ఉందిలే," అంది మా ఆవిడ. బంతిలో అందరితోపాటు నేనూ ఆమె తినేదాకా కాచుకుని కూర్చున్నాను.