కంటి బస్సు పైడిరాజు

నిన్న ఉదయం మా ఆసుపత్రి జనరేటరు మొరాయించింది. బాగుచేయడానికి వచ్చిన మనిషి ఒక మర వదులు చేసి, చిన్న చేతిపంపును బొటనవేలితో నొక్కుతున్నాడు. డీజిలు నురగ నురగగా బయటికి వస్తోంది. ఆ వాసనకు కిటికీ దగ్గర ఆగిపోయాను. పైడిరాజుగారు పోయి నాలుగేళ్ళయింది. ఆయన గురించి నేను ఎవరికీ వివరంగా చెప్పింది లేదు.

కంటి పరీక్షల కోర్సు ముగించి నేను మొదట ఉద్యోగం చేసింది ఒక పాత బస్సులో. ఒకప్పుడు ప్రయాణికులను తిప్పిన బండి అది. సీట్లు పీకేసి, ముందు భాగాన్ని పరీక్ష గది చేశారు. వెనక రెండు పడకలు, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు. సోమవారం శ్రీకాకుళంలో బయలుదేరితే శనివారం దాకా ఊళ్ళు తిరిగేవాళ్ళం. డాక్టరమ్మా నేనూ అందులోనే వండుకుని, అందులోనే పడుకునేవాళ్ళం. జనం దాన్ని కంటి బస్సు అనేవారు. దాన్ని నడిపేదీ బాగుచేసేదీ పైడిరాజుగారే. కళింగపట్నం మనిషి. ఇంట్లో అందరూ సముద్రం మీద వేటకు వెళ్ళేవారు. ఈయన మాత్రం పడవ ఇంజన్ల పని నేర్చుకుని, ఆ తరువాత చక్రాల మీదికి వచ్చారు. నేను చేరేసరికి ఆయనకు యాభై దాటింది. బస్సు వయసు ఎవరూ చెప్పేవారు కాదు.

చేరిన వారంలోనే శ్రీముఖలింగం వెళ్ళే దారిలో బండి ఆగిపోయింది. ఆయన దిగలేదు. వెనక్కి తిరిగి నన్ను అడిగారు.

"ఏటి ఇన్నావు పాపా?"

"ఏమీ వినలేదండీ. ఆగిపోయింది."

"ఆగిపోడం ఆఖర్న. అంతకు ముందు ఏటి ఇన్నావు?"

ఆలోచిస్తే, ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజను రెండుసార్లు దగ్గినట్టు గుర్తొచ్చింది. అదే చెప్పాను. "అదీ! డీజిలు అందనేదు దానికి. గొట్టంలో గాలి సొరబడ్డాది" అంటూ దిగారు. మర వదులు చేసి, బుడగలు ఆగేదాకా పంపు కొట్టారు. బండి కదిలింది. అయినా అంతటితో వదల్లేదు. గాలి ఎక్కడ దూరిందో వెతికి, పగిలిన రబ్బరు వాషరు ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. "మార్సీడం ఎవుడైనా సేస్తాడు. ఎందుకు పోయిందో సూడాల. నేదంటే కొత్తదీ అలగే పోతాది."

వానాకాలంలో నా పడక మీద నీళ్ళు కారేవి. కారుతున్న చోట నేను టేపు అంటించాను, రెండు వరసలు. ఆయన చూసి నవ్వారు. "కారిన కాడ కన్నం ఉండదమ్మా." వాన వెలిశాక చెంబుతో నీళ్ళు తీసుకుని కప్పెక్కారు. ఒక్కో చోట పోయడం, ఆగడం, "వచ్చిందా?" అని అరవడం. లోపల నేను "లేదండీ" అంటూ కూర్చున్నాను. గంట తరువాత, డ్రైవరు సీటుకు పైన ఉన్న గాలి కిటికీ దగ్గర పోసినప్పుడు నా పడక మీద చుక్క పడింది. అన్ని అడుగుల దూరం రేకు చాటున నడిచి వచ్చింది ఆ నీరు. ఇంకొకరైతే కప్పంతా తారు పూసేవారు.

రెండో ఏడాది, బస్సు ఎడమ పక్క ఒక కల్వర్టు గోడకు గీసుకుంది. అద్దం వంకరగా ఉందని ఆయన కొత్త అద్దం బిగించారు. కొద్ది రోజులకు మళ్ళీ గీసుకుంది. మళ్ళీ అద్దం మార్చారు. కారణం తెలియకుండా వాషరైనా మార్చని మనిషి, నెలలో రెండు అద్దాలు మార్చారు. ఎచ్చెర్ల దగ్గర ఆగినప్పుడు టీ గ్లాసు ఆయనకు ఎడమ పక్కన పెట్టాను. మోచెయ్యి తగిలించి పడేసి, "ఎప్పుడెట్టావు?" అన్నారు.

ఆయన కళ్ళ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నీటికాసుల జబ్బు నెమ్మదిగా పక్కచూపును తినేస్తుంది. ఎదుట ఉన్నది మాత్రం బాగానే కనబడుతుంది. గుమ్మంలో నిలబడి అక్షరాల బోర్డు చివరి వరస చదివేసే ఆయనను మేమెవరమూ కూర్చోబెట్టి పరీక్షించలేదు. తెలిసి కూడా నేను నోరు విప్పలేదు. డాక్టరమ్మకూ చెప్పలేదు. వయసు వల్లేమో అనుకున్నాను, ఇంకో వారం చూద్దామనుకున్నాను. చేతిలోంచి బండి తీసేసుకుంటే ఆయన ఏం చేస్తారన్నది అసలు భయం.

ఒక పొద్దున్న, సంత దగ్గర మలుపులో, ఎడమ పక్కన చేపల తట్టతో నడుస్తున్న ఒకావిడ కనిపించింది. ఆయన తిప్పుతూనే ఉన్నారు. నేను అరిచాను. బ్రేకు పడింది. ఆమె పక్కనున్న గోతిలోకి ఒరిగిపోయింది. మోచెయ్యి మాత్రం గీసుకుపోయింది. "కళ్ళు కనపడవేట్రా?" అని ఆమె తిట్టింది. ఆయన చేపలన్నీ ఏరి, కడిగి, తట్టకెత్తారు. డాక్టరమ్మ ఆమె చేతికి కట్టు కడుతుండగా, లోపలికి వచ్చి రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు.

"సూడు."

నా ముక్కు వైపే చూడమని, చేతులు పక్కలకు చాపి వేళ్ళు చూపించాను. కుడివైపు టకటకా చెప్పారు. ఎడమవైపు నేను వేళ్ళు ఆడిస్తున్నాను. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నారు.

"ఎట్టావా సెయ్యి?" అన్నారు.

"పెట్టానండీ."

తన ఎడమ చెయ్యి తనే పక్కకు చాపి చూసుకున్నారు. "తిరిగొస్తాదా?"

"పోయింది రాదు. ఉన్నది మందు చుక్కలతో కాపాడుకోవచ్చు."

"ఎన్నాళ్ళయి నీకు తెలుసు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "మూడు వారాలు."

ఆయన కోప్పడలేదు. "మూడు వారాలు మిమ్మల్నందర్నీ ఎక్కించుకు తిరిగినాను కదమ్మా" అన్నారు, అంతే. లేచి తాళాలు డాక్టరమ్మ చేతిలో పెట్టారు. ఇంకో డ్రైవరు వచ్చేదాకా రెండు రోజులు ఆ సంత దగ్గరే ఉండిపోయాం. ఆ రెండు రోజులూ ఆయన బండి కింద దూరి ఏవో బిగిస్తూనే ఉన్నారు. నాతో మామూలుగానే మాట్లాడారు. అది నాకు మరీ కష్టంగా ఉండింది.

తరువాత మూడేళ్ళు, బస్సును మూలన పెట్టేదాకా, ఆయన కొత్త డ్రైవరుకు ఎడమ పక్క సీట్లో కూర్చుని మాతో తిరిగారు. నడపలేదు, బాగుచేశారు. పూటకోసారి నేనే మందు చుక్కలు వేసేదాన్ని. ఆ మూడు వారాల సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే క్షమాపణ అడిగేదాన్ని.

ఇప్పుడు నా ఎదుట కూర్చునేవాళ్ళలో ఆటోలు నడిపేవారున్నారు, లారీలు నడిపేవారున్నారు. ఇంట్లో పెళ్ళి ఉందనీ, బండి నడపొద్దన్న మాట అది అయ్యాక చెప్పమనీ బతిమాలుతారు. రేపు చెబుదామని నాకూ అనిపిస్తుంది, ప్రతిసారీ. ఆ పూటే, కళ్ళలోకి చూసి చెప్పేస్తాను. చెప్పాక వాళ్ళు లేచి వెళ్ళేదాకా పక్కన కూర్చుంటాను. రాతిగుండె మనిషినని బయట కొందరంటారట. అననీ.