ఆగని అల్లుడు

హిందూపురం జిమ్ములో పదిమంది చేత బరువులెత్తించే తిరుపాల్‌కు, ఒకచోట కుదురుగా నిలబడే విద్య మాత్రం అబ్బలేదు. టీ తాగుతూ మడమలెత్తుతాడు. పెళ్లిలో అక్షింతలు వేసే వరుసలోనూ మోకాళ్లు వంచి లేస్తాడు. ఎర్రమంచిలో ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి ట్రైనరయ్యాడు గనుక, పిల్లనిచ్చిన మామ ఈరప్ప లెక్కలో అతడు నిరుద్యోగే. నలభైరెండు కిలోమీటర్ల బెంగళూరు మారథాన్ పూర్తిచేస్తేనైనా ఆ లెక్క మారుతుందని అతడి ఆశ. ముందుగా పెనుకొండ నుంచి హిందూపురం దాకా ఆగకుండా పరిగెత్తాలని పంతం. ఇంతవరకు అతణ్ణి ఓడించింది కాళ్లు కాదు, మర్యాద. దారినపోయే ప్రతి పుణ్యాత్ముడూ బండి ఆపి ఎక్కమంటాడు. వద్దని చెప్పడానికైనా ఆగాలి గదా.

ఈ ఆదివారం సోమందేపల్లి దాటాక సాక్షాత్తూ మామే బండి ఆపాడు. "ఏమప్పా, బస్సు తప్పిపోయిందా? ఎక్కు."

"ప్రాక్టీసు మామా, ఆగకూడదు," అంటూ తిరుపాల్ సాగిపోయాడు.

అల్లుణ్ణి నడిరోడ్డున వదిలిపోవడం ఈరప్ప వంశంలో లేదు. పక్కనే బండిని నిదానంగా పోనిస్తూ, "పరిగెత్తేది గూడా ఉద్యోగమేనా?" అన్నాడు.

"మాట్లాడితే ఆయాసమొస్తాది మామా."

"నువ్వు మాట్లాడొద్దులే, నేను మాట్లాడతా."

మాట్లాడుతూనే హిందూపురం దాకా వచ్చాడు. "వచ్చేసినాం కదప్పా, ఇంక కూర్చో," అన్నాడు, తానే అలసిపోయినట్టు.

తిరుపాల్ చేతి గడియారం చూసుకున్నాడు. "మారథాన్‌కు ఇంకా నాలుగు కిలోమీటర్లు తక్కువుండాది మామా," అని వచ్చినదారికే తిరిగాడు.

ఈరప్ప బండి తిప్పాడు. "నువ్వు పోతాండప్పా," అని కేకేశాడు. "పెట్రోలు పోయించుకోని వస్తా."