మనిషి ఇంకా పెద్దమనిషి అవనేదు

విజయనగరంలో ఎముకల డాక్టరు మా వాడి చేతికి తడి ప్లాస్టరు గుడ్డ చుడుతుంటే, ఆ సుద్ద వాసనకి జోజి ఫాదర్ గుర్తొచ్చి నా కళ్ళు చెమర్చాయి. "నొప్పి బాబుకైతే ఏడుపు మీకేంటండీ?" అని డాక్టరు నవ్వాడు. ఆఫ్రికాలో లక్షల ఏళ్ళనాటి ఎముక దొరికితే చటుక్కున లాగకూడదట. ఇలాగే కట్టు కట్టి, ఆరాక ఎత్తాలట. మా సాలూరు బళ్ళో ఫాదర్ మేక ఎముకకి ఆ కట్టు కట్టి చూపించేవారు.

ఆయన కోటబొమ్మాళి దగ్గరి రైతుల బిడ్డ. ఫాదర్ అయ్యాక పై దేశాల్లో రాయిగా మారిన ఎముకల చదువు చదివి, తవ్వకాలు లేని నెలల్లో మాకు సైన్సు చెప్పేవారు. ఎన్ని దేశాలు తిరిగినా ఆయన మాట మాత్రం ఊరు దాటలేదు. ఓ రోజు పరిణామం పాఠం చెబుతూ, "మనిషి తయారైపోనాడనుకోకండర్రా. ఇంకా అవతన్నాడు. మనిషి ఇంకా పెద్దమనిషి అవనేదు" అన్నారు. ఆడపిల్లల వరసంతా పుస్తకాల్లో మొహాలు దాచుకుని ఒకటే నవ్వు. మా ఇళ్ళల్లో పెద్దమనిషి అయ్యేది ఈడొచ్చిన ఆడపిల్ల. "ఏటి, ఏటయినాది?" అంటూ పాపం ఆయన బోర్డు వైపూ మా వైపూ చూశారు. చెప్పే ధైర్యం ఎవరికుంది!

మరుసటి ఏడు నేనే అయ్యాను. మా మామ్మ బడి మాన్పించింది. రెండు వారాలు చూసి ఫాదరే మా లారీ సామాన్ల కొట్టుకొచ్చారు. "పెద్దమనిషైపోనాది బాబూ, ఇంక సదువేటి?" అంది మామ్మ. ఆయన కళ్ళజోడు తీసి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "అందుకా ఆ రోజు అందరూ నవ్వీసినారు!" ఆనక నెమ్మదిగా అన్నారు: "అమ్మా, లచ్చల ఏళ్ళు నడిసినా మన మనుషుల జాతి ఇంకా పెద్దమనిషి అవనేదు. ముందుకెళ్ళే పిల్లని మనమే ఆపేస్తే ఎప్పటికవతాది?" మామ్మకి జాతి సంగతి ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతగా నవ్వే మనిషి చెడు చెప్పడని మాత్రం తోచింది. సోమవారం నేను బడికి వెళ్ళాను.

నేను డిగ్రీలో చేరిన ఏడాది ఆయన బడి వదిలి, మళ్ళీ తవ్వకాలకే వెళ్ళిపోయారు. సాగనంపడానికి వెళ్ళి అడిగాను, "ఆ ఎముకల్లో దేవుడు కనబడతాడా ఫాదర్?" అని. "ఎనక్కి సూస్తే ఎముకలే తల్లీ. ఆయన ముందెక్కడో ఉండి మనల్ని రమ్మంటన్నాడని నా నమ్మకం" అన్నారు. నాకు దేవుడి సంగతి ఇప్పటికీ తేలలేదు. ఫాదర్ మీద బెంగ కూడా తీరలేదు.

జువాలజీ లెక్చరర్ ఉద్యోగం రాగానే ఆయన శిబిరానికి ఉత్తరం రాశాను. అది చేరేసరికే జ్వరంతో పోయారట. అక్కడి మట్టిలోనే పెట్టారట. నెలల తర్వాత ఉత్తరం నాకే తిరిగొచ్చింది. నా రాతే, నా కబురే. అయినా ఇప్పటికీ విప్పలేదు. పైన ఆయన పేరుంది, నేనెలా విప్పను?