అథియాన్ తాగిన నీళ్ళు

మా వున్‌థోక్ పశువుల మకాంలో అథియాన్ అనే మనిషి ఒక్క గుక్క నీళ్ళు తాగి రెండు వందల తుపాకుల నోరు మూయించాడు. సైన్యాలకు సాధ్యం కానిది, విమానాల్లో వచ్చిన పెద్దమనుషులకు సాధ్యం కానిది, వాడు సొమ్మసిల్లి నేల మీద పడి, కళ్ళు మూసుకునే సాధించాడు.

రెండు వందలు అన్నానా? సరే, నలభై అనుకోండి. అందులో పదింటికి గుళ్ళు లేవు, ఒకటి తీగతో కట్టి ఉండేది. గుక్క కూడా ఒకటి కాదు, రెండు కావచ్చు. తక్కిందంతా నా కళ్ళతో చూసిందే. మా బడిలో సిస్టర్లు అబద్ధం చెప్పినవాళ్ళను ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఆ నొప్పి ఇంకా ఉంది కాబట్టి మరీ పెంచి చెప్పను.

అథియాన్ పశువులకు సూది వేసేవాడు. పెద్ద యుద్ధం ముగిశాక సాయం సంస్థ వాళ్ళు మకానికి ఒకణ్ణి చొప్పున ఏరి, ఇరవై రోజులు నేర్పి, చేతికి ఒక సిరంజి, ఐసు పెట్టుకునే ఒక నీలం పెట్టె, కాళ్ళకు రబ్బరు బూట్లు ఇచ్చారు. మా మకాం నుంచి వాణ్ణే ఎందుకు ఎంచారంటే, తుపాకీ పట్టని మగవాడు మాలో వాడొక్కడే. మంచితనం వల్ల పట్టలేదనుకునేరు. భయం. వాడికి దుమ్ములగొండి అంటే భయం, ఉరుమంటే భయం, బావమరుదులంటే భయం. సూది దిగేటప్పుడు ఎద్దు రెప్ప ఆర్పదు, వాడు ఆర్పుతాడు. చెయ్యి మాత్రం తేలిక. మా ఆవులు వాణ్ణి చూస్తే బెదిరేవి కావు.

ఏటికి అవతల పన్‌రియాల్ మకాం ఉంది. భాష ఒకటే, మేత ఒకటే. మా అమ్మ పుట్టిల్లు అదే. పూర్వం పశువుల తగువులు కర్రలతో, బల్లేలతో తేలేవి. యుద్ధం పోతూ పోతూ ఇంటికో తుపాకీ పడేసి పోయింది. రెండేళ్ళ కింద మంద మీద పడ్డ గొడవలో పన్‌రియాల్‌కు చెందిన మువోర్వెల్ పేల్చిన గుండుకు అథియాన్ అన్న దుత్ చచ్చిపోయాడు. చంపినవాళ్ళు చచ్చినవాడి ఇంటికి పరిహారంగా నెత్తుటి పశువులు ఇవ్వాలి. ఆ గడ్డిలో ఎవడి గుండు ఎవడికి తగిలిందో ఎవరు చూశారని పన్‌రియాల్ వాళ్ళు మొండికేశారు. మా కుర్రకారు తుపాకులు తుడుచుకుంటూ కూర్చున్నారు.

మాలో ఒక కట్టు ఉంది. నెత్తుటి పశువులు చేతులు మారి, పవిత్రమైన బల్లెం పట్టే పూజారి, మా బల్లెం పెద్ద, వచ్చి తెల్ల ఎద్దును బలి ఇచ్చి శుద్ధి చేసేదాకా, చంపినవాడి ఇంటివాళ్ళు, చచ్చినవాడి ఇంటివాళ్ళు ఒక కుండ నీళ్ళు తాగకూడదు, ఒక తట్టలో తినకూడదు. తాగితే మధ్యలో ఉన్న రక్తం ఆ నీళ్ళతో పాటు లోపలికి దిగుతుంది. తాగినవాణ్ణి చంపుతుంది, పోసినవాళ్ళ ఇంటినీ మిగల్చదు.

నైరోబీ నుంచి వచ్చిన లొయిస్ అమ్మ, సాయం సంస్థ అధికారి, మంచి మనిషి. రెండు వైపుల వాళ్ళనూ పిలిచి శాంతి సభ పెట్టింది. మధ్యాహ్నం ఒకే పెద్ద పళ్ళెంలో జొన్న సంకటి, మేక మాంసం పెట్టించింది. ఒక్కడూ చెయ్యి పెట్టలేదు. రెండోసారి సభకు వంటవాణ్ణి మార్చింది. మేమూ కారణం చెప్పలేదు. కష్టపడి అన్నం పెట్టిన మనిషికి తప్పు చూపించడం మాలో మర్యాద కాదు.

ఇలా ఉండగా పన్‌రియాల్ మందలో ఊపిరితిత్తుల జబ్బు పడింది. ఆవులు మెడలు చాచి దగ్గుతున్నాయని కబురు వచ్చింది. వాళ్ళ సూది మనిషి ఉద్యోగం దొరికి పట్నం పోయాడు. ఎండలు ముదురుతున్నాయి, ఇంకో పది రోజుల్లో రెండు మందలూ ఏటి బీడు మీదికి దిగాలి. వాళ్ళ జబ్బు మా జబ్బు అవుతుంది. లొయిస్ అమ్మ బండిలో టీకా మందు పంపింది. మర్నాడు సాయంత్రం దాకే ఐసు ఆగుతుంది. అవతలికి పోయి సూది వేయగలిగినవాడు అథియాన్ ఒక్కడే.

వాడు ఆ మందు పెట్టె పక్కన పాడె పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు. వాడి పెళ్ళాం అపియు పాలు పితుకుతూ తల తిప్పకుండా అంది.

"నువ్వు పోకపోతే ఆవులు పోతాయి. పోతే నువ్వు పోతావు. మన ఆవులు తొమ్మిది, నువ్వు ఒకడివి. లెక్క నువ్వే చూసుకో."

తోడు నన్ను పంపారు. నేను పన్‌రియాల్ ఆడపడుచు కొడుకుని, మేనల్లుడి మీద ఎవరూ చెయ్యి చేసుకోరు. పైగా దుత్‌కు నేను రక్త బంధువును కాను, ఎక్కడైనా తాగొచ్చు, తినొచ్చు.

తెల్లవారగానే బయలుదేరాం. గడ్డి మా తలల కంటే ఎత్తు, మేము పొట్టి మనుషులం కాము. అడుగు ముందుకేస్తే గడ్డి చప్పుడు, ఆగితే గుండె చప్పుడు. ఒకచోట కొంగలు గుంపుగా లేచాయి. అథియాన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"మావా, అవెందుకు లేచాయి?"

"మనల్ని చూసి."

"మరి వాళ్ళు కూడా వాటిని చూస్తారు కదా."

ఆ మాట నాకు తట్టలేదు. అప్పటిదాకా నేను బాగానే నడిచాను, ఆ తర్వాత నేనూ వంగి నడిచాను. వాడు అడుగుకో గుక్క చొప్పున సొరకాయ బుర్రలో నీళ్ళన్నీ భయంతోనే తాగేశాడు. ఏరు దాటేసరికి బుర్ర ఖాళీ, ఆ భయంలో ఏట్లో మళ్ళీ నింపుకోనూ లేదు. అది ఎంత పెద్ద తప్పో అప్పుడు ఇద్దరికీ తోచలేదు.

పన్‌రియాల్‌లో పిడకల పొగ తప్ప ఏదీ కదలడం లేదు. మగవాళ్ళు గుంజల మధ్య తుపాకులతో నిలబడ్డారు. మమ్మల్ని చూసి వాళ్ళూ భయపడుతున్నారని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. చచ్చినవాడి తమ్ముడు సూదులు పట్టుకుని మన ఎద్దుల దగ్గరికి వచ్చాడు, వీడు వేసేది మందో విషమో ఎవరికి తెలుసు అని ఒకడు పైకే అన్నాడు. అప్పుడు ఒక పొడుగాటి మనిషి తన నల్లమచ్చల ఎద్దును పలుపు పట్టి తెచ్చి మా ముందు నిలబెట్టాడు. కొమ్ములకు కుచ్చులు కట్టి ఉన్నాయి. అలాంటి ఎద్దు మీద మాలో మగవాడు పాటలు కట్టుకుంటాడు. అతనే మువోర్వెల్ అని ఎవరూ చెప్పలేదు. అథియాన్ ముఖం చూస్తే తెలిసింది.

"ముందు దీనికి వెయ్యి," అన్నాడు మువోర్వెల్. "ఇది పడితే నువ్వూ పడతావు."

అథియాన్ మందు కలిపాడు. కళ్ళు మూసుకుని గుచ్చాడు. ఎద్దు నిలబడింది. అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఒక ఆవును పితికేంత సేపు గడిచింది. ఎద్దు తల దించింది, అథియాన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎద్దు కాళ్ళు ఎడం చేసింది, ఒక తుపాకీ పైకి లేచింది. అప్పుడది తీరిగ్గా, వానాకాలం ఏరులాగా, మూత్రం పోసింది. నలభై మంది ఒక్కసారి ఊపిరి వదిలారు.

ఇక పశువుల్ని వరసగా తేవడం మొదలుపెట్టారు. నన్ను మా మేనమామ కొడుకులు నీడకు లాక్కుపోయి టీ పోశారు, చక్కెర మూడు చెంచాలు. అథియాన్‌కు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, వాడూ అడగలేదు. ఏ కుండకు మువోర్వెల్ ఇంటి చెయ్యి తగిలిందో తెలియదు, ఏరేమో దూరం, రెండు వైపులా కట్టు తెలిసినవాళ్ళే. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. వాడి పెదవులు బూడిద రాసినట్టు తెల్లబడ్డాయి. ఐసు ముక్క ఒకటి నోట్లో వేసుకోమని నేను కేకేశాను. వాడు పెట్టె మూత తీశాడు, చూశాడు, మళ్ళీ మూసేశాడు. మందు వేడెక్కితే పనిచేయదు, పనిచేయకపోతే ఎద్దులు చస్తాయి, ఎద్దులు చస్తే నన్ను చంపుతారు అని పొడి గొంతుతో జవాబిచ్చాడు. భయం వాడి చేత అంత నీతిగా పని చేయించింది.

మూడు వందలో ఎన్నో పశువులు అయ్యాక, ఒక దూడ మెడ పట్టుకుని ఉండగానే, దూడ నిలబడింది, వాడు పడ్డాడు.

నేను ముప్పై అడుగుల దూరంలో ఉన్నాను, చేతిలో నాలుగో గ్లాసు. పడిన చప్పుడు విని పక్క గుడిసెలోంచి ఒక ముసలామె తడుముకుంటూ వచ్చింది. అకువోత్ అత్త, కళ్ళు సరిగా కనపడవు. చేతిలో నీళ్ళ బుర్ర. పడినవాడి తల ఒళ్ళోకి తీసుకుని నోట్లో పోసింది. నేను వద్దని అరిచేసరికి వాడి గొంతు ముడి ఒకసారి కిందికీ పైకీ కదిలింది. నా జీవితంలో చాలా చూశాను. ఆ గొంతు కదలడం కంటే భయంకరమైంది చూడలేదు.

ముసలామె తల ఎత్తింది.

"ఎవరి పిల్లాడే వీడు? ఎవరూ పలకరేం?"

నేనే చెప్పాల్సి వచ్చింది. దుత్ తమ్ముడు అత్తా, అన్నాను. బుర్ర జారి నేల మీద పడింది. అకువోత్ మువోర్వెల్ తల్లి. కొడుకు నిలబడిన వైపు అందాజుగా చెయ్యి చాచి, "నీ ఇంటిని నా చేత్తోనే ఆర్పేశాను నాయనా," అంది.

అథియాన్ కళ్ళు తెరిచాడు. పెదవి తడిమి చూసుకున్నాడు. ఎవరి నీళ్ళని అడిగాడు. అందరి కళ్ళూ అకువోత్ వైపు తిరిగాయి. లోపల ఏదో నడుస్తోంది మావా, అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది.

ఇప్పుడు పన్‌రియాల్ వాళ్ళ భయం చూడాలి. వీడు ఇక్కడ చస్తే వున్‌థోక్ తుపాకులు వస్తాయి. మోసుకుపోతుంటే దారిలో చచ్చినా వస్తాయి. తుపాకులు రాకపోయినా నీళ్ళు పోసిన ఇంటిని రక్తం వదలదు. వీడు బతికుండగానే శుద్ధి జరగాలి, శుద్ధి జరగాలంటే ముందు నెత్తుటి పశువులు కదలాలి. రెండేళ్ళు ఎవడి గుండో తెలియదన్నవాళ్ళకు ఒక్కసారిగా తెలిసిపోయింది. పూట ప్రయాణం దూరంలో ఉన్న బల్లెం పెద్ద మకెర్ కోసం ముగ్గురు పరుగెత్తారు. మువోర్వెల్ తుపాకీ పక్కన పడేసి, చాప అడ్డం పెట్టి నీడ చేసి, అథియాన్ తల తన తొడ మీద పెట్టుకుని విసరడం మొదలుపెట్టాడు. అథియాన్‌కు ఒక ఎక్కిలి వచ్చింది. నలభై మంది లేచి నిలబడ్డారు.

మా వాళ్ళను తీసుకురావడం నా వంతు. ఏటి వైపు పరుగెత్తుతూ ఒకటే ఆలోచన. అథియాన్ నీళ్ళు తాగాడు, చావుబతుకుల్లో ఉన్నాడు అంటే కుర్రాళ్ళు ఆ మాట పూర్తి కానివ్వరు. అందుకని మకాంలో అడుగు పెడుతూనే, వాడు సుఖంగా ఉన్నాడని, పన్‌రియాల్ వాళ్ళకు బుద్ధి వచ్చి నెత్తుటి పశువులు ఇస్తున్నారని, తోలుకు రావడానికి పలుపులు పట్టుకుని పొద్దున్నే రమ్మన్నారని చెప్పాను. తుపాకులెందుకు, పలుపులు పట్టడానికే రెండు చేతులూ చాలవన్నాను. వీళ్ళు పోయేసరికి అక్కడ పశువులు కట్టి లేకపోతే మొదట నన్నే చంపుతారని నాకు తెలుసు. అపియు ఒక్కతే నా కళ్ళలోకి చూసింది. శుద్ధికి కావలసిన తెల్ల ఎద్దును తనే విప్పి ఇచ్చింది.

మర్నాడు పొద్దున పోయేసరికి మువోర్వెల్ అలాగే కూర్చుని ఉన్నాడు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. రాత్రంతా ఊపిరులు లెక్కపెట్టాడట. నన్ను చూసి, ఇంకా ఉన్నాడు అని గుసగుసగా చెప్పాడు. దగ్గరికి పోతే అథియాన్ గొంతు వినిపించింది.

"ఆ రోజు ఎందుకు పేల్చావు?"

"గడ్డి కదిలింది. భయమేసింది," అన్నాడు మువోర్వెల్.

"ఇప్పుడూ భయంగా ఉందా?"

"నీకంటే ఎక్కువగానే."

అథియాన్ ఆ తొడ మీద తల సర్దుకున్నాడు. "అయితే కాస్త గట్టిగా విసురు. నువ్వు ఆపితే నాకు ఏదోలా ఉంటుంది," అన్నాడు.

పశువులు కట్టి ఉన్నాయి, ముప్పై ఒకటి, ఒక్కటీ దగ్గడం లేదు. మా వాళ్ళు పలుపులతో నిలబడి బిత్తరపోయారు. జరిగింది తెలిసేసరికి మకెర్ పెద్ద బల్లెం నేలకు గుచ్చి ప్రార్థన మొదలుపెట్టాడు, ఇక నోరెత్తే వీలు లేదు. తెల్ల ఎద్దు పడింది. దాన్ని నడుమ కోసి రెండు వైపులా పంచారు. ఒక బుర్రలో చేదు వేరు కలిపిన నీళ్ళు పోసి ముందు అథియాన్‌కు, తర్వాత మువోర్వెల్‌కు ఇచ్చాడు. అథియాన్ బుర్ర పట్టుకుని ముందు వాసన చూశాడు. తాగాడు. ముఖం వికారంగా పెట్టాడు. చావలేదు.

మంచి అంతా జరిగిందని చెప్పను. ఆ హడావిడిలో ఐసు కరిగిపోయి మిగిలిన మందు పాడైంది. సూది పడని పశువుల్లో నలభై దాకా చచ్చాయి, వాటిలో మా మేనమామ ఆవులూ ఉన్నాయి. ఇంకో పెట్టె వచ్చేదాకా మందల్ని బీడు మీదికి దించకుండా ఎండుగడ్డి మీదే ఆపాం. నెత్తుటి పశువులను ఓలిగా ఇచ్చి చచ్చినవాడి పేర పెళ్ళాన్ని తేవడం మా ఆనవాయితీ. పెళ్ళి దుత్‌కు, పిల్లల్ని కనాల్సింది తమ్ముడు. అది విన్న రోజు అథియాన్‌కు మళ్ళీ భయం పుట్టింది. అపియు ఏమంటుందోనని.

లొయిస్ అమ్మ తన నివేదికలో ఇదంతా రెండు శాంతి సభల ఫలితమని రాసుకుంది. నేను ఇది రాసి, చదవడం రాని అథియాన్‌కు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. సిరంజి తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నాడు. తప్పులేమైనా ఉన్నాయా అని అడిగాను.

"అంతా అబద్ధం," అన్నాడు. "నేను పన్‌రియాల్ పోనేలేదు. పడనూ లేదు. ఎవరి నీళ్ళూ తాగలేదు. ఆ మాట ఇంకెక్కడా అనకు మావా, ఆ రక్తం వింటుంది."