మూడు బుడగలు ఎక్కువ

బుడగల మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే: లెక్క మధ్యలో ఎవరైనా పలకరిస్తే, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. పలకరించిన పాపానికి వాళ్ళూ పక్కన కూర్చుని లెక్కపెట్టాల్సిందే.

ఆయన లెక్కపెట్టేది సముద్రం అడుగున, నేల పగుళ్ళలోంచి ఊరే మీథేన్ బుడగల్ని. ఓడవాళ్ళు కెమెరా దించి తీసిన వీడియోలన్నీ ఆ పరిశోధన కార్యాలయంలో మెట్లకింద గదికి చేరేవి. గదిలో ఒక తెర, రెండు కుర్చీలు. ఒకటి ముప్ఫై ఏళ్ళుగా మాస్టారిది. రెండోది దొరికినవాళ్ళది.

ఒకసారి డైరెక్టరుగారే తలుపు తీశారు.

"మాస్టారూ, ఆ రిపోర్టు..."

"మూడువేల రెండొందల పదకొండు... పోయింది!" మాస్టారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "కూర్చోండి సార్. కుడివైపు సగం మీది."

గంట తర్వాత డైరెక్టరుగారు కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చారు, ఎందుకు వెళ్ళారో మర్చిపోయి.

ఇంటావిడ ఫోను చేసినా అంతే. "ఏవండీ, తాళంచెవి మీ జేబులోనే ఉండిపోయింది. గుమ్మంలో నిలబడున్నాను."

"పోయింది! సరే, ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా, నేను చెబుతుంటాను, పదులు నువ్వు వేళ్ళమీద పట్టు."

ఆవిడ గుమ్మంలోనే నాలుగు వందల దాకా పట్టిందని ఆఫీసంతా చెప్పుకునేవారు.

కుర్ర ఇంజనీరు ఒకడు లెక్కపెట్టే యంత్రం తెచ్చాడు. మాస్టారు చూసి పెదవి విరిచారు. "అంటుకున్న రెండింటినీ ఒకటే అంటోందిరా. కవలల్ని చూసి ఒక్కడే అంటే కన్నతల్లి ఊరుకుంటుందా?"

ఆ రోజుల్లోనే ఒక అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. నోట్లో నాలుక లేని పిల్ల. శబ్దం పంపి లోతును చూపే సోనార్ తెర మీద నీళ్ళలో పొగలా లేచిన మరకను చూసి, కొత్త మీథేన్ ఊట దొరికిందని రాసిచ్చింది. ఆ మాట నమ్మి ఓడ రెండు రోజులు ప్రయాణం చేసింది. కెమెరా దించితే తెర నిండా చేపలు.

"ఏమ్మా, వల తెచ్చుకున్నావా?" అని కాంటీన్లో అందరి ముందూ అడిగాడు ఆ యంత్రం ఇంజనీరు.

నాలుగో రోజు పొద్దున్నే ఆమె రాజీనామా రాసుకుని, మాస్టారి సంతకం కోసం మెట్లకిందకి వెళ్ళింది.

"మాస్టారూ..."

"ఎనిమిది వందల ఆరు... పోయింది! కూర్చో తల్లీ. ఎడమవైపు నీది."

"నేను ఉద్యోగం..."

"ఒకటి. అదిగో, రెండు."

చేసేదిలేక కూర్చుంది. నల్లటి నీళ్ళలో, దీపం వెలుగులో, దారం తెగిన ముత్యాల్లా బుడగలు లేస్తున్నాయి. చుట్టూ మీగడలాంటి తెల్లటి పొర, ఆల్చిప్పలు, తీరిగ్గా తిరిగే పీతలు. అరగంటకి కాంటీను గుర్తులేదు.

"ఇవన్నీ పైకొచ్చేస్తాయా మాస్టారూ?" అనేసి నాలుక కరుచుకుంది.

ఆయన మళ్ళీ మొదలుపెట్టలేదు. "లోతైన చోట చాలామటుకు దారిలోనే కరిగిపోతాయి. బురదలో సూక్ష్మజీవులు కొంత ముందే తినేస్తాయి. కరిగినది నీళ్ళలో కార్బన్ డయాక్సైడుగా మారి నీళ్ళ పులుపు పెంచుతుంది. తప్పించుకుని గాలిలో కలిసిందా, భూమికి ఇంకో దుప్పటి కప్పినట్టే. ఎంతో తెలియకుండా ఎలా కూర్చుంటాం చెప్పు?"

వీడియో అయిపోగానే ఆమె చేతిలో కాగితం లాక్కుని, వెనకవైపు రెండు లెక్కలూ వేసి, "ఫైల్లో పెట్టు" అన్నారు. ముందువైపు తిప్పి చూడనైనా లేదు.

ఫైలు తెరిస్తే అదే వీడియో లెక్క. పన్నెండేళ్ళ నాటిది, తుది సంతకంతో సహా. దానికింద ఎవరెవరి చేతిరాతతోనో అవే బుడగలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టిన కాగితాలు. భార్య ఆస్పత్రిలో ఉన్న వారం డైరెక్టరుగారిది ఒకటి. తన యంత్రాన్ని మాస్టారు వద్దన్న రోజు ఇంజనీరుది ఒకటి.

"మాస్టారూ, ఇది ఎప్పుడో తేలిపోయిన లెక్కేగా?"

మాస్టారు కళ్ళజోడు తీసి, అవసరం లేకపోయినా తుడిచారు. "తేలిందనే అనుకున్నాను. ఎడమవైపు అప్పట్లో నాకొచ్చినవాటికంటే నీకు మూడు ఎక్కువొచ్చాయి. నువ్వు వెళ్ళిపోతే ఆ మూడింటి సంగతి ఎవరు చూస్తారు?"

"అవీ చేపలేమో మాస్టారూ."

ఆ ఆఫీసులో ఆమె వేసిన మొదటి జోకు అదే. మాస్టారు కుర్చీ కిర్రుమనేలా నవ్వారు.

ఆ సంగతి చూడటానికి ఆమెకు ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం పట్టింది. రెండు నిజంగా బుడగలే. మూడోది మాత్రం చేప.