పండగ తేదీకి గడి లేదు

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళీ గాడిన పడ్డ రెండో ఏడు. అప్పటికి విశాఖలోని మా ప్రాంతీయ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసర్‌గా నాకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. మాది రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాల విధానాలకు పొంతన కుదిర్చే జాతీయ సలహా మండలి. అడ్వైజరీ బాడీ అంటారు. అంటే ఫలానాది చేస్తే బాగుంటుందని చెబుతాం, చేసి తీరాలని అనలేం. నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకి ఇరవైసార్లు వివరించాను. చివరికి "జీతం ఇస్తున్నారు కదే, పోనీలే" అని ఊరుకుంది.

ఆ ఏడు మా నెత్తిన పడింది కామన్ అకడమిక్ క్యాలెండర్. పక్కపక్క రాష్ట్రాల్లో డిగ్రీ పరీక్షలన్నీ ఒకే వారాల్లో జరగాలి, ఒక చోట డిగ్రీ అయిన పిల్లలు ఇంకో చోట పీజీలో చేరడానికి ఏడాది పోగొట్టుకోకూడదు. ఉద్దేశం మంచిదే. ప్రతి కాలేజీకీ ఒక ప్రొఫార్మా, అంటే నింపి పంపాల్సిన ఫారం, పంపాం. స్థానిక సెలవులు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? వచ్చిన జవాబులన్నీ పట్టికలోకి ఎక్కించడం నా పని.

కొండల మీది ఒక కాలేజీవాళ్ళు తేదీలు వెయ్యలేదు. రెండు గడుల మీదుగా అడ్డంగా రాసి పంపారు. "ఇటుకల పండగ. చైత్రంలో వస్తుంది. ఏ ఊరి తేదీ ఆ ఊరి దిశారి చెబుతాడు." ఇటుకల పండగంటే విత్తనాలు చల్లేముందు కొండ ఊళ్ళవాళ్ళు చేసుకునే పండగ. దిశారి అంటే ఊరికి మంచిరోజులు చూసి చెప్పే మనిషి. కంప్యూటరేమో తేదీ గానీ 'నిల్' గానీ వెయ్యందే ముందుకు కదలదు. కాలేజీకి ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం ఐదైంది, తల పగిలిపోతోంది. స్థానిక సెలవులు లేవన్నట్టు 'నిల్' అని కొట్టి ఊరుకున్నాను. ఇవన్నీ సాకులేనని నాకూ తెలుసు.

మే నెలలో ఒక అర్జీ వచ్చింది. రాసింది వంతాల సుమతి, బీఎస్సీ ఆఖరి సంవత్సరం, పెదబయలు పైన ఒక ఊరు. చివరి పరీక్ష వాళ్ళ ఊరి పండగలో పడింది. జీపులు తిరగలేదు. కోడి కూయకముందే లేచి నడిచి వెళ్ళినా గంట ఆలస్యమైంది, హాల్లోకి రానివ్వలేదు. ఆ ఒక్క పేపరు మళ్ళీ రాయాలంటే పై ఏడు దాకా ఆగాలి. డిగ్రీ చేతికి రాకపోతే బీఈడీలో చేరడానికి లేదు. వాళ్ళ ఊళ్ళో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల తనే.

"మీరే వెళ్ళి చూసి రండి. రిపోర్టు రాసేసి ఫైల్ మూసేద్దాం" అన్నారు మా డైరెక్టర్.

అరకులో సామాను పడేసి, మూడు జీపులు మారి, ఆఖరున గంటన్నర నడిచాను. మోకాళ్ళు పట్టేశాయి. సుమతి తండ్రి భీమన్న ఇంటిముందు అడ్డాకులు ఎండబెడుతున్నాడు. పలకరించాక తెలిసింది, ఆ ఊరి దిశారి ఆయనే.

"ఏటి సేత్తామమ్మా" అన్నాడు పీట వేస్తూ. "పండగ తేదీ నేను ముందే సెప్పీసినాను. తరవాతొచ్చింది మీ టైంటేబులు. ఒకసారి సెప్పీసిన తేదీ తిప్పకూడదు."

"ముందురోజే పంపించేసి ఉంటే?"

"పంపీమని కాళ్ళా వేళ్ళా పడింది. ఆ ముందురోజే విత్తనాలకి మొక్కీ రోజు. మా ఊర్లో ఆ రోజు ఎవురూ పొలిమేర దాటకూడదు. ఊరందరికీ సెప్పీవోడిని, నా గుంటకి ఇంకోటి సెప్పగలనా?" ఆకులు తిరగేస్తున్న చేతులు ఆగిపోయాయి. "నా గుంట సదువు నేనే పాడు సేసినాను. ఇంక దిశారి పని మానేత్తానని పోయిన వారమే పెద్దలతో సెప్పీసినాను."

ఆయన తప్పని రిపోర్టులో రాసుకుంటే ఫైలు అక్కడికక్కడే మూసుకుపోతుంది. సిగ్గేసింది. సంచీలోంచి కాలేజీవాళ్ళ ఫారం తీసి ఆయన ముందు పెట్టాను.

"తప్పు మీది కాదు భీమన్నగారూ. పండగ ఉందని వాళ్ళు మాకు ముందే రాశారు. నేనే ఎక్కించలేదు."

"కాయితం మీకు అందిందా?"

"అందింది."

"సదివినారా?"

"చదివాను."

"మరేటమ్మా?"

"అందులో తేదీ లేదు."

ఆయన నా ముఖంలోకి తేరిపార చూశాడు. కోపం లేదు, అదే భరించలేకపోయాను. "తేదీ లేదు గానీ పండగుంది కదమ్మా" అన్నాడు.

సుమతి గుమ్మంలోంచి ముందుకొచ్చింది. "మళ్ళీ పరీక్ష పెట్టిత్తారా మేడమ్? బేగి పెడితే బీఈడీకి అందుకుంటాను" అంది. అడుగుతానన్నాను. అంతకుమించి ఏం చెప్పను!

తిరిగొచ్చి తప్పు నాదేనని నోట్ రాశాను. డైరెక్టర్ తల పట్టుకున్నారు. "మీ పేరెందుకండీ ఇందులో? సమాచార లోపం అని రాస్తే పోయేదానికి!" నేను మార్చలేదు, ఒక మెమో అందుకున్నాను. ప్రత్యేక పరీక్ష పెట్టమన్న మా లేఖకి విశ్వవిద్యాలయం నుంచి జవాబొచ్చింది. మండలి సూచనలు సలహాలు మాత్రమేననీ, వాటిని పాటించాల్సిన నిర్బంధం తమకు లేదనీ. అదే విశ్వవిద్యాలయం పరీక్షల టైంటేబులు పైన 'మండలి ఆదేశాల మేరకు' అని అచ్చు వేసింది. రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకుని నవ్వాను. ఆ తరువాత ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంటికెళ్ళి పడుకున్నాను.

సుమతికి ఆ ఏడు పోయింది. కొండ కాలేజీలకు చైత్రంలో పరీక్షలు పెట్టొద్దని నేను పెట్టిన ప్రతిపాదన 'తదుపరి సమావేశంలో పరిశీలిద్దాం' అన్న మాటతో రెండుసార్లు వెనక్కొచ్చింది. మూడోసారి పంపే ఓపిక కూడగట్టుకుంటూ ఉండగా, మరుసటి ఏడు ఒకరోజు సుమతే ఫోన్ చేసింది. పేపరు రాసింది, పాసైంది, బీఈడీలో సీటొచ్చింది. సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

"ఈసారి పండగ అడ్డం రాలేదా?" అని అడిగాను.

"లేదు మేడమ్. నాన్న తేదీ సెప్పడం మానీసినాడు కదా. ఊరి పెద్దలే మీ క్యాలెండరు తెప్పించుకుని, పరీక్షలన్నీ అయిపోయినాక పండగ పెట్టినారు. ఇంక ఎప్పుడూ అలాగే సేత్తారంట."

"మరి నాన్న ఏమన్నారు?"

"ఏటీ అనలేదు. ఆ రోజు కొండెక్కిపోయి సాయంత్రం దాకా రాలేదు."

ఈ కేసు నాకు నేర్పింది ఇదీ. తప్పు చేసినవాళ్ళం దిద్దుకోవడానికి సమావేశాలు పెట్టుకుంటూ కూర్చుంటే, ఈలోగా ఏ తప్పూ చెయ్యనివాళ్ళు సర్దుకుంటారు. సర్దుకున్నాక ఇక అర్జీలు రావు. మొన్న నా ప్రతిపాదన మూడోసారి వెనక్కొచ్చింది, ఆ ప్రాంతం నుంచి ప్రస్తుతం ఫిర్యాదులేవీ లేవని.